మెల్లగా మాట్లాడు

2009 మొదట్లో మెల్‌బోర్న్ పోలీసులు భారతీయ విద్యార్థులకి కొన్ని జాగ్రత్తలు చెప్పారు. రాత్రిపూట ఒంటరిగా తిరగొద్దు. ఐపాడ్‌లు, లాప్‌టాప్‌లు నలుగురికీ కనపడేలా పట్టుకోవద్దు. రైళ్ళలో మీ భాషలో గట్టిగా మాట్లాడొద్దు. మొదటి రెండూ ఎవరైనా చెప్పేవే. మూడోది విని మా స్నేహితుల్లో సగం మందికి కోపం వచ్చింది, సగం మందికి నవ్వొచ్చింది. తెలుగువాడు ఫోన్లో మెల్లగా మాట్లాడటం ఎక్కడైనా చూశారా మీరు? అవతల గుంటూరులో ఉన్న అమ్మకి ఫోన్ లేకపోయినా వినపడేట్టు మాట్లాడితే గానీ మనకి మాట్లాడినట్టుండదు.

నిజానికి ఆ సలహా మాకు కొత్తదేమీ కాదు. కాస్త మాటలు మార్చి మా ఇళ్ళల్లోనే చెప్పి పంపారు. 2005 ఫిబ్రవరిలో కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చెయ్యడానికి నేను ఇక్కడికి బయల్దేరినప్పుడు మా నాన్న చెప్పిన జాగ్రత్తలు మూడే: వేళకి తిను, పాస్‌పోర్ట్ జాగ్రత్త, గొడవల్లోకి వెళ్ళకు. ఆ మూడోదాని వెనక ఆయన అనుభవం ఉంది. 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు ఆయన గుంటూరులో డిగ్రీ చదువుతున్నారు. ఊరేగింపుల్లో తిరిగారు, కాలేజీలు మూతపడ్డాయి, చదువులో ఒక ఏడాది పోయింది. 1966లో విశాఖ ఉక్కు కోసం రోడ్డెక్కినవాళ్ళకీ, తెలంగాణలో 1969 నాటి విద్యార్థులకీ ఇలాంటి జ్ఞాపకాలే ఉంటాయి. నినాదాలతో పెరిగిన ఆ తరం, తమ పిల్లల దగ్గరకొచ్చేసరికి "నీకెందుకురా" అనడం నేర్చుకుంది. వాళ్ళని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఉద్యమం వల్ల వచ్చేదేదో ఊరందరికీ వస్తుంది, పోయేది మాత్రం ఎవరి ఇంట్లోంచి వాళ్ళకే పోతుందని వాళ్ళకి తెలుసు.

అలా "గొడవల్లోకి వెళ్ళకు" అనే మాట మూటగట్టుకుని వచ్చిన పిల్లలు ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో చాలామంది ఉండేవాళ్ళు. 2008లో ఇక్కడ భారతీయ విద్యార్థుల సంఖ్య 90 వేలు దాటింది. అందరూ నాలా యూనివర్సిటీలకి వచ్చినవాళ్ళు కారు. వంట, జుట్టు కత్తిరించడం లాంటి వృత్తులకి ఇక్కడ కొరత ఉందని ప్రభుత్వం ఒక జాబితా వేసింది. ఆ కోర్సు పూర్తిచేసి, ఆ వృత్తిలో 900 గంటలు పని చేసినట్టు కాగితం చూపిస్తే పర్మనెంట్ రెసిడెన్సీకి దారి దొరికేది. దాంతో ఊళ్ళో ఏజెంట్లు, ఇక్కడ ఆఫీసు మేడల మీద రెండు గదుల ప్రైవేటు కాలేజీలు పుట్టుకొచ్చాయి. పగలు క్లాసు, రాత్రి పెట్రోల్ బంకులోనో టాక్సీలోనో పని. ఫుట్స్‌క్రే, సన్‌షైన్, సెయింట్ ఆల్బన్స్ వైపు ఇళ్ళల్లో ఆరుగురేసి ఉండేవాళ్ళు. నేల మీద పరుపులు, ఒకడు డ్యూటీకి వెళ్తే ఆ పరుపు మీద ఇంకొకడు. అర్ధరాత్రి దాటితే రైళ్ళు ఉండేవి కావు. శుక్ర, శనివారాల్లో రాత్రంతా రైళ్ళు నడపడం 2016లో గానీ మొదలవలేదు. స్టేషన్ నుంచి ఇంటిదాకా ఇరవై నిమిషాల నడక, జేబులో ఆ రోజు చేతికిచ్చిన నోట్లు. దొంగలకి ఇంతకంటే ఏం కావాలి?

వాళ్ళలో ఒకబ్బాయి గురించి చెప్పాలి. మాది నరసరావుపేట దగ్గర ఊరు, అతనిది మా పక్క ఊరు. 2007లో వచ్చాడు. ఇంట్లో ఏనాడూ గ్లాసెడు బియ్యం కూడా కడగనివాడు ఇక్కడ వంట డిప్లొమాలో చేరాడు. వాళ్ళ నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టి పంపించాడు. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. నన్ను అన్నా అని, మా ఆవిడని వదినా అని పిలిచేవాడు. అంతకుమించి అతని నోట్లోంచి మాట రాలేదు. పప్పు బాగుందా అంటే తలూపేవాడు, కాలేజీ ఎలా ఉందంటే తలూపేవాడు. బంకులో రాత్రి ఇద్దరు తాగినవాళ్ళొచ్చి సిగరెట్ పెట్టెలు ఎత్తుకుపోయిన సంగతి కూడా అతను చెప్పలేదు, వాళ్ళ గదిలో వాడు చెబితే మాకు తెలిసింది. "చెప్తే ఏం జరుగుద్దన్నా, వాళ్ళు దొరకరు, నా ఉద్యోగం పోద్ది" అన్నాడు. అతని లెక్క అంతే.

2009 మే 23 శనివారం రాత్రి మెల్‌బోర్న్ ఉత్తరాన హాడ్‌ఫీల్డ్ అనే పేటలో ఒక ఇంట్లో మన విద్యార్థులు కొందరు పార్టీ చేసుకుంటుంటే, పిలవకుండా వచ్చిన కుర్రాళ్ళు స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. ఒక తెలుగు విద్యార్థి తలకి గాయమై, రాయల్ మెల్‌బోర్న్ హాస్పిటల్లో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆ వారం మన తెలుగు ఛానళ్ళలో ఆస్ట్రేలియా తప్ప ఇంకేమీ లేదు. ఇంటి దగ్గర్నుంచి ఫోన్లు, "వచ్చెయ్ నాయనా, చదువూ వద్దు ఏమీ వద్దు" అని. అమితాబ్ బచ్చన్ ఇక్కడి ఒక యూనివర్సిటీ ఇస్తానన్న గౌరవ డాక్టరేట్ వద్దన్నాడు. ఆ అబ్బాయి బతికాడు. కానీ బతుకుతాడో లేదో తెలియని ఆ వారంలోనే ఇక్కడి పిల్లల్లో ఏదో మారింది.

మే 31 ఆదివారం, ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ స్టూడెంట్స్ ఆఫ్ ఆస్ట్రేలియా, ఇక్కడి నేషనల్ యూనియన్ ఆఫ్ స్టూడెంట్స్ కలిసి ర్యాలీకి పిలుపిచ్చాయి. ఆ అబ్బాయి ఉన్న హాస్పిటల్ ముందు నుంచే బయల్దేరాలన్నారు. నేనూ వెళ్ళాను. మహా అయితే రెండు మూడు వందల మంది వస్తారనుకున్నాం. వేలమంది వచ్చారు. పంజాబీలు, గుజరాతీలు, మలయాళీలు, మనవాళ్ళు, మధ్యమధ్య ఆస్ట్రేలియన్ విద్యార్థులు. చలికాలం మొదలయ్యే రోజులు, చాలామంది ఒంటిమీద బంకు యూనిఫారాలే ఉన్నాయి, డ్యూటీ నుంచి నేరుగా వచ్చేశారు. సాయంత్రానికి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు, స్వాన్‌స్టన్ స్ట్రీట్ కూడలిలో కూర్చున్నారు. హైదరాబాద్‌లో అయితే కోఠీ సెంటర్లో బైఠాయించినట్టన్నమాట. ఆ చోటు మన కుర్రాళ్ళకి అంతకుముందే తెలుసు. 2008 ఏప్రిల్ చివర్లో ఒక భారతీయ టాక్సీ డ్రైవర్‌ని కత్తితో పొడిచినప్పుడు డ్రైవర్లంతా చొక్కాలు విప్పేసి అక్కడే రాత్రంతా కూర్చున్నారు. ఆ దెబ్బతో టాక్సీల్లో డ్రైవర్ చుట్టూ రక్షణ తెరలు పెట్టడానికీ, రాత్రిపూట ముందే డబ్బు తీసుకోవడానికీ ప్రభుత్వం ఒప్పుకుంది. కూర్చుంటే పని జరుగుతుందని అక్కడ నేర్చుకున్నారు.

ఆ గుంపులో మా పక్క ఊరి అబ్బాయి కనపడ్డాడు. చేతిలో అట్టముక్క. ఎవరో టీవీ వాళ్ళు మైకు పెట్టి ఎందుకొచ్చావని అడిగారు. అతను ఇంగ్లీషులో మూడే వాక్యాలు చెప్పాడు: నేను రాత్రి పన్నెండున్నరకి పని దిగుతాను. నా దగ్గర కారు లేదు. ఇంటికి ఎలా వెళ్ళాలో మీరే చెప్పండి. వ్యాకరణం ఎలా ఉందని ఎవరూ చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండేళ్ళుగా పప్పు బాగుందో లేదో కూడా చెప్పనివాడు! తెల్లవారకముందే పోలీసులు వచ్చి కూడలి ఖాళీ చేయించారు. 18 మందిని పట్టుకెళ్ళి తర్వాత వదిలేశారు. అందులో మావాడు లేడు గానీ, అతని ముఖం ఒక తెలుగు ఛానల్లో వచ్చింది. మర్నాడు వాళ్ళ నాన్న ఫోను. "నిన్ను పంపింది చదువుకోడానికా, ధర్నాలు చెయ్యడానికా? వీసా తీసేస్తే ఏంట్రా?" అతను కాసేపు విని, "నాన్నా, ఊరికే కూర్చున్నా దెబ్బలు తగులుతున్నాయి కదా" అన్నాడట. ఆ మాటకి జవాబు లేక ఆయన ఫోన్ వాళ్ళమ్మకిచ్చేశాడు.

ఆ రోజుల్ని ఇప్పుడు తలచుకుంటే కొన్ని మాటలు నిదానంగా చెప్పుకోవాలి. అన్ని దాడులూ జాతి ద్వేషంతోనే జరిగాయని మన టీవీలు గోల పెట్టాయి, ఒక్కటీ అలాంటిది కాదని ఇక్కడి అధికారులు మొదట్లో బుకాయించారు. 2011లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రిమినాలజీ, 2005 నుంచి 2009 దాకా పోలీసు రికార్డులన్నీ తిరగేసింది. పెద్ద రాష్ట్రాల్లో కొట్లాట, గాయాల కేసుల్లో భారతీయ విద్యార్థుల వంతు ఆ రాష్ట్రాల సగటుకి సమానంగానో, తక్కువగానో ఉంది. దారి దోపిడీల్లో మాత్రం ఎక్కువగా ఉంది. జాతి ద్వేషం ఎంతవరకు కారణమో ఆ రికార్డుల నుంచి తేల్చలేమంది. రాత్రి పనులు, బంకులు, టాక్సీలు, ఆఖరి రైళ్ళు ఈ ముప్పుని పెంచాయంది. అంటే మావాడు మైకులో చెప్పిన మూడు వాక్యాలే, ఫుట్‌నోట్లతో.

ఏం సాధించారని అడిగేవాళ్ళుంటారు. 2009 డిసెంబర్‌లో విక్టోరియా రాష్ట్రం తన శిక్షల చట్టాన్ని సవరించింది. ద్వేషంతో నేరం చేశాడని తేలితే, శిక్ష వేసేటప్పుడు జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. 2010 ఫిబ్రవరి 24న మెల్‌బోర్న్‌లో ఒకావిడ మొదలుపెట్టిన "విందాలూ అగెనెస్ట్ వయొలెన్స్" పిలుపుకి 17 వేలమందికి పైగా పేర్లిచ్చి, ఆ రాత్రి ఇండియన్ హోటళ్ళలో భోంచేశారు. విందాలూ అంటే ఏమిటో మా గుంటూరు జిల్లా వాళ్ళకి తెలియకపోయినా, ఆ మంచితనం తెలిసింది. అదే కాలంలో అక్కడ ఉస్మానియాలో విద్యార్థులు తెలంగాణ కోసం రోడ్డు మీద ఉన్నారు. ఫోన్లో ఒకళ్ళకొకళ్ళు ధైర్యం చెప్పుకున్న స్నేహితులు నాకు తెలుసు.

అయితే ఊరేగింపులో గొంతు రావడం సులువు. పక్కవాడి గొంతు మన గొంతుని మోస్తుంది. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

2009 రెండో సగంలో ప్రైవేటు కాలేజీలు ఒక్కొక్కటీ మూతపడటం మొదలైంది. మావాడి కాలేజీ కూడా. ఒక సోమవారం వెళ్ళేసరికి తలుపుకి తాళం, అద్దం మీద ఒక కాగితం. రెండు సెమిస్టర్ల ఫీజు ముందే కట్టినవాళ్ళున్నారు. ఈసారి మైకులు లేవు, ఛానళ్ళు లేవు. తాళం పడ్డ కాలేజీకి ఎవరూ ర్యాలీ తీయరు. మావాడు, ఇంకో నేపాలీ అమ్మాయి, ఒక పంజాబీ కుర్రాడు కలిసి ముప్ఫై తొమ్మిది మంది పేర్లు రాసుకుని మా ఇంటికొచ్చారు. నేను చేసిందల్లా ఒక ఎక్సెల్ షీటు. పేరు, కట్టిన తేదీ, ఎంత, రసీదు ఉందా లేదా. పదకొండు మందికి రసీదులు లేవు. వాళ్ళకి బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించారు. ఏ ఆఫీసుకి ఏ ఫారం పంపాలో వెతికారు. ఫోన్లో నలభై నిమిషాలు పాట వింటూ ఎదురుచూసి, అవతల మనిషి దొరగ్గానే తడబడకుండా చెప్పడానికి, చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని మా వంటింట్లో చదివి ప్రాక్టీసు చేసేవాడు మావాడు. మా ఆవిడ చపాతీలు చేస్తూ అధికారిలా అడ్డు ప్రశ్నలు వేసేది. నాలుగు నెలలు పట్టింది. చాలామందికి వేరే కాలేజీలో సీటు దొరికింది.

ఇలాంటి గుంపులు ఊరూరా తయారయ్యాయి. సెనేట్ కమిటీ ఒకటి విదేశీ విద్యార్థుల సంక్షేమం మీద విచారణ జరిపి 2009 నవంబర్‌లో నివేదిక ఇచ్చింది. మాజీ ఎంపీ బ్రూస్ బెయిర్డ్ దేశమంతా తిరిగి విద్యార్థులతో మాట్లాడి 2010లో ఇంకో నివేదిక ఇచ్చాడు. 2011లో ప్రైవేటు కాలేజీల మీద విదేశీ విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్ వచ్చాడు. 2012 జులైలో, కాలేజీ మూతపడితే ఫీజుకి రక్షణ కల్పించే ట్యూషన్ ప్రొటెక్షన్ సర్వీస్ వచ్చింది. ఈ పిల్లలకి అప్పట్లో ఇక్కడ ఓటు లేదు, తమ ఊళ్ళో ఓటు వెయ్యడానికి వాళ్ళు అక్కడ లేరు. ఏ ఎంపీకీ వాళ్ళతో పని లేదు. అయినా చట్టాలు కదిలాయి. ఓటు లేనివాడికి కూడా రసీదుల ఫైలు అనే ఆయుధం ఉంటుందని నేను వాళ్ళ దగ్గరే తెలుసుకున్నాను. అయితే ఇవన్నీ అందరికీ సుఖాంతం కాలేదు. 2010 ఫిబ్రవరి 8న ప్రభుత్వం ఆ పాత వృత్తుల జాబితాని రద్దు చేసింది. వంట కోర్సుల నమ్మకంతో భూములు అమ్ముకున్న ఇళ్ళు ఎన్నో చితికిపోయాయి.

ఇంతవరకు చెప్పింది బయటివాళ్ళతో పోరాటం. దొంగ బయటివాడు, పోలీసు బయటివాడు, ప్రభుత్వం బయటిది. మావాడు వాళ్ళందరి ముందూ మాట్లాడగలిగాడు. కానీ ఒక్క విషయంలో అతని నోరు లేవలేదు. అది జీతం.

అప్పుడు దేశమంతటా కనీస వేతనం గంటకి 14.31 డాలర్లు. అతనికి బంకులో ఇచ్చేది 9 డాలర్లు, నోట్ల రూపంలో. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పని చెయ్యాలి. అద్దె, ఫీజు కట్టాలంటే ఆ 20 గంటలు చాలవు. ముప్ఫై గంటలు చేయించుకుని, "ఎవరికైనా చెప్పావంటే నువ్వు 20 దాటావని నేనే ఇమ్మిగ్రేషన్‌కి ఫోన్ చేస్తా" అనేవాడు యజమాని. ఇంతకీ ఆ యజమాని ఎవరు? మనవాడే. ఉగాదికి స్టేజీ ఎక్కి, మన సంస్కృతి గురించి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడే. పిల్లలు ఆకలితో ఉన్నారంటే బిర్యానీ పొట్లాలు పంపేవాడు కూడా అతనే. దాడులు జరిగినప్పుడు ర్యాలీకి మంచినీళ్ళ బాటిళ్ళు అతని బంకు నుంచే వచ్చాయి. అతన్ని దుర్మార్గుడని ఒక్క మాటలో తేల్చెయ్యగలిగితే నాకు ఈ వ్యాసం రాసే పనుండేది కాదు.

ఆ సంగతి మా సంఘం కమిటీలో వచ్చింది. నేనూ, ఇంకో ఇద్దరం గట్టిగానే అడిగాం. పెద్దాయన ఒకరు, "అయ్యా, మొన్న తెల్లవాళ్ళు కొట్టినప్పుడు అందరం ఒకటయ్యాం. ఇప్పుడు మనలో మనం కొట్టుకుంటే నవ్వరా? ఇది మన ఇంటి విషయం, ఇంట్లోనే చూసుకుందాం" అన్నారు. ఇంట్లో చూసుకోవడమంటే ఏమిటో మీకు తెలుసు. మినిట్స్‌లో ఒక్క వాక్యం చేరింది: విద్యార్థుల సమస్యలపై చర్చ జరిగింది. తర్వాతి అంశం, దీపావళికి హాలు బుకింగు.

రైల్లో మెల్లగా మాట్లాడమన్న పోలీసు మాటకి మాకు కోపం వచ్చింది. కమిటీలో మెల్లగా మాట్లాడమన్న పెద్దాయన మాట గౌరవంగా వినపడింది. రెండూ ఒకటేనని ముందుగా కనిపెట్టింది ఈ పిల్లలే.

ఈ దేశంలో నాకు నచ్చిన కథ ఒకటుంది. 1965 ఫిబ్రవరిలో సిడ్నీ యూనివర్సిటీ విద్యార్థులు ముప్ఫై మంది దాకా ఒక బస్సు మాట్లాడుకుని న్యూసౌత్‌వేల్స్ పల్లెపట్టణాలకి వెళ్ళారు. వాళ్ళ నాయకుడు చార్లెస్ పెర్కిన్స్ ఆదివాసి, బస్సులో దాదాపు మిగతా అందరూ తెల్లపిల్లలు. మోరీ అనే ఊళ్ళో ఈతకొలనులోకి ఆదివాసీ పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. ఆ గేటు ముందు నిలబడ్డారు, గుడ్లతో, టమాటాలతో కొట్టించుకున్నారు. ఫ్రీడమ్ రైడ్ అంటారు దాన్ని. ఆ తెల్లపిల్లలు ఏ దూరదేశపు అన్యాయం మీదకో పోలేదు. తమ రాష్ట్రంలో, తమ పెదనాన్నలూ మేనమామలూ లాంటివాళ్ళు కౌన్సిలర్లుగా ఉండే ఊళ్ళకి వెళ్ళి, మీరు చేస్తున్నది తప్పని చెప్పారు. మనవాళ్ళ పిల్లలకి కావలసిన ధైర్యం కూడా ఇదేనని నాకనిపిస్తుంది. పరాయివాడి మీద అరవడానికి కోపం చాలు. మన ఇంట్లో తిన్నచోట అడగడానికి ఇంకేదో కావాలి.

ఆ ధైర్యం మా కళ్ళముందే వచ్చింది. 2015 ఆగస్టులో ఇక్కడి ఏబీసీ ఛానల్ "ఫోర్ కార్నర్స్" కార్యక్రమం, ఫెయిర్‌ఫాక్స్ పత్రికలు కలిసి సెవెన్-ఎలెవెన్ షాపుల్లో జీతాల మోసాన్ని బయటపెట్టాయి. సగం జీతం, అబద్ధపు పేస్లిప్పులు, అదే 20 గంటల బెదిరింపు. ముందుకొచ్చి చెప్పినవాళ్ళలో ఎక్కువమంది భారత ఉపఖండం విద్యార్థులే. షాపులు నడిపేవాళ్ళలో కూడా మన ఉపఖండం వాళ్ళు ఉన్నారు. వీసా పోతుందని తెలిసీ కొందరు ముఖం చూపించి మాట్లాడారు. చివరికి ఆ సంస్థ కార్మికులకి తిరిగి కట్టింది 15 కోట్ల డాలర్ల పైమాటే. 2017లో చట్టం బిగించి, ఫ్రాంచైజీ ఇచ్చే పెద్ద కంపెనీలని కూడా బాధ్యుల్ని చేశారు. ఇలాగే ఇంకో ఇంటి విషయం, కట్నం. మన ఆడపిల్లలు, వాళ్ళకి అండగా నిలబడ్డ సంఘాలు, డాక్టర్లు ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా, 2019 మార్చి నుంచి విక్టోరియా కుటుంబ హింస చట్టంలో కట్నం వేధింపుల మాట చేరింది. దాని గురించి కూడా మన సభల్లో మొదట వినపడిన మాట "పరువు".

2023 జులై నుంచి విద్యార్థులు రెండు వారాలకి 48 గంటలు పనిచెయ్యొచ్చు. 2024 జులై 1 నుంచి, వీసా పేరు చెప్పి కార్మికుణ్ణి బెదిరించడమే నేరం. మోసపోయి ఫిర్యాదు చేసిన వాడి వీసా రద్దు కాకుండా కొన్ని రక్షణలు పెట్టారు. 2025 జనవరి నుంచి, కావాలని జీతం ఎగ్గొట్టడం కూడా నేరమే. మావాడికి 2009లో ఇవేవీ లేవు. మధ్యలో చెయ్యి మారుతూ వచ్చిన పదిహేనేళ్ళ అర్జీలు ఉన్నాయి.

మావాడు ఇప్పుడెక్కడున్నాడంటారా? వంట డిప్లొమా ఎగతాళి కాదని నిరూపించాడు. చెఫ్‌గా స్పాన్సర్‌షిప్ దొరికి, పర్మనెంట్ రెసిడెన్సీ రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఇప్పుడు టార్నీట్‌లో సొంత హోటలు. ఆ ప్రాంతంలో ఎటు చూసినా మనవాళ్ళే. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 60 వేలకి దగ్గరగా తేలారు. అతని హోటల్లో పనిచేసేది ఎక్కువగా విద్యార్థులే, చాలామంది మన జిల్లాల వాళ్ళే. అంటే అతను ఇప్పుడు బల్లకి అవతలి పక్కన కూర్చున్నాడు.

పోయినేడాది ఒక సాయంత్రం అక్కడ టీ తాగుతుంటే, వరంగల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి కౌంటర్ దగ్గరకొచ్చింది. వయసు ఇరవై రెండు ఉంటుందేమో. "అన్నా, ఆదివారం రేటు వేరే ఉంటదట గదా, నా పేస్లిప్పుల మామూలు రేటే ఉన్నది" అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. హోటల్లో నాలుగు టేబుళ్ళు నిండి ఉన్నాయి. మావాడి ముఖం చూశాను. ఒక్క క్షణం, నాకు బాగా తెలిసిన ఇంకో ముఖం కనపడింది అందులో, ఆ పాత బంకు యజమానిది. అద్దె పెరిగింది, నూనె పెరిగింది, కనీస వేతనమే 2025 జులైకి గంటకి 24.95 డాలర్లయింది, ఇప్పుడా ఈ అమ్మాయి అడిగేది, అన్న చిరాకు. తర్వాత అతను చెయ్యి తుడుచుకుని, లోపల్నుంచి కుర్చీ తెచ్చి ఆ అమ్మాయిని కూర్చోమన్నాడు. లాప్‌టాప్ తెరిచాడు. వాళ్ళ అకౌంటెంట్ వాడే సాఫ్ట్‌వేర్‌లో ఆదివారాలకి రేటు మార్చలేదు. ఏడు వారాలు వెనక్కి లెక్కేశారు ఇద్దరూ. ఆమెకే కాదు, ఆదివారం చేసిన ఇంకో ముగ్గురికి కూడా బాకీ తేలింది.

ఆ అమ్మాయి వెళ్ళాక నాతో అన్నాడు. "అన్నా, ఆ ఓనరు లెక్క ఏందో నాకిప్పుడు అర్థమవుద్ది. నెలాఖరున చేతిలో ఏం మిగలదు. కానీ అర్థమవటం వేరు, సరే అనటం వేరు."

నేను ఆ అమ్మాయి గురించి ఆలోచిస్తున్నాను. ఆమె ఏ ర్యాలీకీ వెళ్ళి ఉండదు. 2009 నాటికి రెండో క్లాసులో ఉండేదేమో. ఫ్లిండర్స్ స్ట్రీట్ కూడలిలో ఎవరు కూర్చున్నారో, ఎందుకు కూర్చున్నారో ఆమెకి తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. ఆదివారం రేటు ఉంటుందని ఆమెకి ఎవరు చెప్పారని అడిగాను మావాణ్ణి. విద్యార్థులే శనివారం సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్ళకి పేస్లిప్పు చదవడం తెలుగులో నేర్పుతున్నారట. వాళ్ళకి మా సంఘం హాలు ఇమ్మని ఈ నెల కమిటీలో అడగబోతున్నాను. వచ్చిన నలభై మందిలో పదిమంది యజమానులు మనవాళ్ళే అయి ఉంటారు, కొందరు మా స్పాన్సర్లు కూడా. పెద్దాయన ఏమంటారో చూడాలి.